అమ్మ మోకాలు, ఆ చిన్న మిషన్

అమ్మకి మోకీలు మార్పిడి ఆపరేషన్ అయి నేటికి 19 రోజులు. మొదటి వారం నొప్పికి రాత్రిళ్ళు నిద్రే లేదు, మాత్ర వేసుకుంటే ఒకటే వికారం. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి నొప్పి తగ్గించే టెన్స్ మిషన్ తెచ్చి, కుట్లకి దూరంగా నాలుగు ప్యాడ్లు అంటించి "చీమలు పాకినట్టు ఉంటుంది పెద్దమ్మా, భయపడకండి" అంది. చర్మం మీదుగా వెళ్ళే ఆ కొద్దిపాటి కరెంటు, నొప్పి కబురు వెన్నుపాము దాటి మెదడుకి చేరకుండా తలుపు వేస్తుందట. 1965లో మెల్‌జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన గేట్ సిద్ధాంతం దీనికి ఆధారం. మాత్రలు పూర్తిగా మానలేదు. కానీ వ్యాయామానికి ముందు అరగంట పెడితే అమ్మ కాలు మడవడానికి ఒప్పుకుంటోంది, నాకదే పెద్ద సంగతి.

గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగకుండా ఇది పెట్టుకోకూడదు. తర్వాత మేం సొంతంగా ఒకటి కొన్న చోట ఈ మాట ఎవరూ చెప్పలేదు. పేస్‌మేకర్ ఉన్న మా పక్కింటి బాబాయిగారు నడుంనొప్పికి ఒకరోజు ఇమ్మని అడిగారు, ఇచ్చేసేదాన్నే, తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్.

ఐస్ ప్యాక్ గుడ్డలో చుట్టి 15 నిమిషాలు, రోజుకి నాలుగుసార్లు పెడుతున్నాం, వాపు బాగా తీసింది. ఈరోజు పొద్దున అమ్మ వాకర్ పట్టుకుని తులసికోట దాకా నడిచి తనే దీపం పెట్టింది.