‘లింక్ అయ్యే ఉంది’ అంటారు, స్టైపెండ్ మాత్రం పడదు

ఒంగోలులో ఐటీఐ అయ్యాక చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరాను. ఫ్యాక్టరీ ఇచ్చేది నెలనెలా పడుతోంది. నాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం) కింద కేంద్రం నేరుగా మన ఖాతాలో వేసే వాటా, అంటే స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, అది మాత్రం రెండు నెలలు కనపడలేదు.

బ్యాంకులో అడిగితే, ‘ఆధార్ లింక్ అయ్యే ఉంది బాబూ’ అన్నారు. నిజమే, చిక్కంతా ఆ మాటలోనే ఉంది. కేవైసీ కోసం ఆధార్‌ని ఎన్ని ఖాతాలకైనా లింక్ చేయొచ్చు. ఆధార్ మీద వచ్చే ప్రభుత్వ డబ్బు మాత్రం మనం ఇచ్చిన పాస్‌బుక్ జిరాక్స్ చూసి రాదు. ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఏ ఆధార్‌కి ఏ బ్యాంకో చెప్పే జాబితా ఉంటుంది, దాన్నే మ్యాపర్ అంటారు. అందులో మన ఆధార్ ఎదురుగా ఏ బ్యాంకు ఉంటే అక్కడికి పోతుంది. అక్కడ ఉండేది ఒక్క బ్యాంకే, చివరగా సీడింగ్ చేసింది, అంటే ఆ జాబితాలో మన ఆధార్‌కి తన పేరు ఎక్కించింది. వాలెట్ కేవైసీకి వేలిముద్ర వేసినప్పుడు తెరుచుకున్న పేమెంట్స్ బ్యాంకు ఖాతా అక్కడ ఉండిపోయిన కుర్రాళ్లు చాలామంది ఉంటారు.

మైఆధార్ సైట్లో ఓటీపీతో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కాలి. బ్యాంకు పేరు, పక్కన యాక్టివ్ అని వస్తుంది. యాక్టివ్ చూసి సంతోషపడి ఊరుకోవద్దు, పేరు చదవండి. నాకు వచ్చింది వేరే పేరు. ఎప్పుడో వాడిన ఆ వాలెట్ యాప్ తెరిస్తే రెండు నెలల డబ్బూ అందులోనే ఉంది. ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు ఇప్పుడు వాడకపోతే ఓటీపీ రాదు. ముందు ఆధార్ సెంటర్‌లో నంబరు మార్పించుకోవాలి.

తర్వాత మన బ్రాంచిలో సీడింగ్ ఫారం అడగాలి. ఆధార్ జిరాక్స్ ఇచ్చి వచ్చేస్తే కేవైసీ కింద ఫైల్లో పెడతారు, మ్యాపర్ కదలదు. ‘వేరే బ్యాంకు నుంచి మార్పు’ అన్నచోట టిక్ పెట్టి, పాత బ్యాంకు పేరు రాసి, రసీదు ముక్క మీద స్టాంపు వేయించుకోండి. సైట్లో మన బ్యాంకు పేరు కనపడేదాకా రెండు మూడు రోజులకోసారి చూస్తుండాలి.

డబ్బు పడ్డాక అందులోంచే 1,000 ఆర్‌డీకి (నెలనెలా కొంత దాచే రికరింగ్ డిపాజిట్) పెట్టాను. పోస్టాఫీసు ఆర్‌డీ 100తో మొదలవుతుంది గానీ గడువు 5 ఏళ్లు. అప్రెంటిస్‌షిప్ ఏడాదే కాబట్టి బ్యాంకులో 12 నెలల ఆర్‌డీయే నయం. స్టైపెండ్ మరుసటి నెల 10లోపు ఇవ్వాలన్నది నిబంధన, అందుకని ఆటో డెబిట్ 12న పెట్టించాను. 5న పెడితే ఖాతాలో డబ్బుండక వాయిదా తప్పుతుంది.