ఎన్ని బంతులు వేశావమ్మా?

నొప్పి మొదట దండెం దగ్గర తెలిసింది. 2021 ఫిబ్రవరిలో ఒక ఉదయం తడి దుప్పటి ఆరేయడానికి చేతులు పైకెత్తి కాస్త వెనక్కి వాలగానే, నడుముకు ఎడమ పక్కన, వేలు పెట్టి చూపించగలిగినంత చోట, పుచ్చిపన్ను మీద చల్లటి నీళ్లు పడ్డట్టు జివ్వుమంది. ముందుకు వంగితే ఏమీ లేదు. నీళ్ల బకెట్టు ఎత్తినా లేదు. వెనక్కి వంగితేనే. ఆ తేడా నేను పట్టించుకోలేదు. ఆ తర్వాత నా నడుము చూసిన ముగ్గురూ పట్టించుకోలేదు. నా కోపమంతా అక్కడే ఉంది.

అప్పుడు నాకు 16 ఏళ్లు. నరసరావుపేటలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. కుడిచేత్తో ఫాస్ట్ బౌలింగ్ వేస్తాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచి దాదాపు ఎనిమిది నెలలు బంతి ముట్టుకోలేదు. ఆ ఎనిమిది నెలల్లో రెండంగుళాలు పొడుగు పెరిగాను. మైదానాలు తెరిచేసరికి, మార్చిలో సెలెక్షన్లు ఉంటాయన్న మాట వినిపించింది. ఇక ఆగలేదు. పొద్దున్నే మా కోచ్ సార్ దగ్గర నెట్స్‌లో ప్రాక్టీసు. సాయంత్రం మగపిల్లల నెట్స్‌లో బ్యాటర్లకు బౌలింగ్. ఆదివారం మ్యాచ్. పిచ్ అంటే సిమెంటు గచ్చు మీద పరిచిన మ్యాటు. బూట్లు రెండేళ్ల నాటివి, ఎడమ మడమ కింద అట్ట అరిగి నున్నగా అయింది.

పొద్దున సార్‌కు సాయంత్రం సంగతి తెలియదు. సాయంత్రం వాళ్లకు ఆదివారం సంగతి తెలియదు. అందరూ ‘ఇంకో ఓవర్ వెయ్యి తల్లీ, లయలో ఉన్నావు’ అనేవాళ్లే. నాకు ఆ మాట ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను.

మా ఊళ్లో మొదట చూపించిన డాక్టరు గారు నా నడుము మీద చెయ్యి కూడా వేయలేదు. ‘నెలసరి ఎప్పుడు వచ్చింది?’ అని అడిగారు. చెప్పాను. ‘ఈ వయసు ఆడపిల్లలకు నడుము నొప్పి మామూలే’ అని మా అమ్మ వైపు తిరిగి చెప్పారు. నాన్న వెనక నుంచి ‘క్రికెట్ ఆడుతుందండీ, ఫాస్ట్ బౌలింగ్’ అన్నాడు. ‘ఆడపిల్లకు అవన్నీ ఎందుకండీ’ అన్నారాయన, చీటీ రాస్తూ. ఎక్స్‌రే తీయించారు. నార్మల్ అని వచ్చింది. అయిదు రోజులకు నొప్పి మాత్రలు ఇచ్చారు.

మాత్ర వేసుకుంటే నొప్పి తెలిసేది కాదు. కాబట్టి మాత్ర వేసుకుని బౌలింగ్ వేశాను. అయిదు రోజుల మాత్రలు అయిపోతే, అదే చీటీ చూపించి మందుల షాపులో మళ్లీ కొన్నాను. అలా మూడు వారాలు. ఇది చదువుతున్న ఆటగాళ్లెవరైనా ఇప్పుడు ఆ పని చేస్తుంటే, ఈ రోజే ఆపండి. ఆ మాత్ర ఎముకను బాగు చేయదు, ఎముక పెట్టే కేకను మనకు వినపడకుండా చేస్తుందంతే.

మధ్యలో నాయనమ్మ పక్క ఊళ్లో నరాలు సరిచేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ‘నరం ఎక్కింది’ అని నన్ను బోర్లా పడుకోబెట్టి, నడుము మీద మోకాలు ఆనించి, రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి లాగాడు. నేను అరిచిన అరుపుకు నాయనమ్మ ఏడ్చేసింది. ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ నెలంతా రోజూ రాత్రి ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టింది ఆమే.

సెలెక్షన్ మ్యాచ్ గుంటూరులో. ఎనిమిదో ఓవరు నాలుగో బంతికి, ముందు కాలు క్రీజులో పడిన క్షణంలో, నడుము లోపల ఎండుపుల్ల విరిగినట్టయింది. చప్పుడు వినపడిందో, నాకే అనిపించిందో ఇప్పటికీ తెలియదు. ఓవరు పూర్తి చేశాను. ఎందుకు పూర్తి చేశానని ఆ తర్వాత చాలామంది అడిగారు. 16 ఏళ్ల పిల్ల సెలెక్టర్ల ముందు రెండు బంతులు మిగిల్చి ఎలా పక్కకు వస్తుంది?

ఇంటికి బస్సులో నిలబడే వచ్చాను. కూర్చోలేక కాదు, కూర్చుంటే మళ్లీ లేవగలనో లేదోనన్న భయంతో.

ఆ రాత్రి సుమారు రెండింటికి మెలకువ వచ్చింది. పక్కకు తిరగబోయాను. నడుము కదలలేదు, చెక్కలా బిగుసుకుపోయింది. ఎడమ కాలు తొడ దాకా తిమ్మిరి పట్టి, చీమలు పాకుతున్నట్టుంది. అమ్మను పిలిచాను. నా గొంతు ఎలా ఉందో కానీ ఇంట్లో అందరూ ఒకేసారి లేచారు. ఆ రోజు మా మేనత్త కూడా ఇంట్లోనే ఉంది.

నాన్నకు ఎరువుల కొట్టు ఉంది. ఆయన గోడకు తగిలించిన షట్టరు తాళంచెవి తీసుకొచ్చి, నా పాదాల దగ్గర కింద కూర్చుని, దాని కొనతో నా ఎడమ అరికాలి మీద మడమ నుంచి వేళ్ల దాకా మెల్లగా గీశాడు. ‘తెలుస్తోందా తల్లీ?’ తెలిసింది. ‘బొటనవేలు ఆడించు.’ ఆడించాను. ‘మళ్లీ ఆడించు.’ అలా ఎన్నిసార్లు గీశాడో. గీసిన ప్రతిసారీ చల్లగా తగిలేది, ఆయన చేతి వణుకు కూడా దాంతోపాటే తగిలేది. ఎదురింటి మాస్టారు గారు పక్షవాతంతో మంచాన పడి నాలుగేళ్లు. నాన్న కళ్లలో ఆయనే ఉన్నాడని నాకు తెలుసు.

ముందు గదిలోంచి మేనత్త గొంతు వినిపించింది. మెల్లగానే అంది కానీ, రాత్రి పూట మాట ఎక్కడికి పోతుంది. ‘వదినా, నడుం విరిగిన పిల్లను రేపు ఎవరు చేసుకుంటారు? కానుపు తట్టుకుంటుందా?’

అమ్మ బదులు చెప్పలేదు. లోపలికి వచ్చి నా తల తన ఒళ్లో పెట్టుకుంది. కొంతసేపటికి కోటప్పకొండ వైపు తిరిగి దండం పెట్టి, పిల్ల లేచి నడిస్తే మెట్ల దారిన కొండెక్కుతానని మొక్కుకుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. మేనత్తతో నేను ఇప్పుడు బాగానే మాట్లాడతాను, పండక్కి వస్తే కాళ్లకు దండం పెడతాను. ఆ మాట మాత్రం మరిచిపోలేదు.

తెల్లారాక గుంటూరులో ఒక పెద్ద డాక్టరు. ఇంజక్షన్, మంచం మీద విశ్రాంతి, ‘ఇక ఆట మానేసి చదువుకోమ్మా’ అన్న సలహా. పది రోజులకు లేచి నడిచాను. నొప్పి తగ్గింది, పోలేదు. సార్‌కు తెలిసిన వాళ్లెవరో చెబితే, ఆటగాళ్ల గాయాలు మాత్రమే చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి హైదరాబాదు వెళ్లాం.

ఆమె ఫైలు తెరవలేదు. ‘ఎన్ని బంతులు వేశావమ్మా?’ అని అడిగారు.

నాకు అర్థం కాలేదు. ‘ఆ మ్యాచ్‌లోనా మేడమ్?’ అన్నాను. ‘కాదు, వారానికి. అంతకుముందు నెల వారానికి ఎన్ని? దానికి ముందు?’ నాన్న ఫైలు వెనక అట్ట మీద పెన్నుతో లెక్క వేశాడు. పొద్దున 60 చొప్పున ఆరు రోజులు. సాయంత్రం 60 చొప్పున నాలుగు రోజులు. ఆదివారం మ్యాచ్, దానికి ముందు వేసేవి కలిపి 80. మొత్తం 680. అంతకుముందు ఎనిమిది నెలలు సున్నా. ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూసి నాన్న పెన్ను కింద పెట్టేశాడు.

తర్వాత ఆమె నన్ను ఎడమ కాలి మీద నిలబెట్టి వెనక్కి వంగమన్నారు. దండెం దగ్గర జివ్వుమన్న చోటే మళ్లీ జివ్వుమంది. ‘కుడిచేతి బౌలర్లకు ఎక్కువగా ఎడమ పక్కనే వస్తుంది’ అన్నారు. ఎంఆర్ఐలో అదే తేలింది. నడుములో అయిదో వెన్నుపూస, వెనక వైపు సన్నటి ఎముక వంతెన ఒకటి ఉంటుంది, అందులో పగులు. ఒక్క దెబ్బకు విరిగింది కాదు. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒకచోట తెల్లబడి తెగుతుంది చూడండి, అలాంటిది. మొదట్లో ఎక్స్‌రేకు చాలాసార్లు కనపడదట. 

మొదటి డాక్టరు గారికి అది కనపడకపోవడం తప్పని నేను అనను. అడగకపోవడం తప్పంటాను.

ఫాస్ట్ బౌలర్ ముందు కాలు నేల మీద పడినప్పుడు శరీరం బరువుకు అయిదారు రెట్ల భారం పడుతుందని ఆమె చెప్పారు. నేను 52 కిలోలు. నాన్న ఒక్క క్షణం ఆలోచించి, ‘అంటే ఆరు డీఏపీ బస్తాలు’ అన్నాడు. డీఏపీ ఎరువు బస్తా 50 కిలోలు. రోజంతా బస్తాలు మోయించే మనిషి ఆయన. ఒక్కో బంతికి ఆరు బస్తాలు, ఎదుగుతున్న పిల్ల కాలు మీద, వారానికి 680 సార్లు. ఆ భారం పడే క్షణంలోనే నడుము వెనక్కి వాలుతుంది, పక్కకు ఒరుగుతుంది, మెలి తిరుగుతుంది. పైగా నా బౌలింగ్ యాక్షన్ కలగలుపు రకం. తుంటి బ్యాటరు వైపు తిరిగి ఉంటే, భుజాలు పక్కకు ఉండేవి. బట్ట పిండినట్టు మధ్యలో నడుము మెలిపడేది. కండరం వారాల్లో బలపడుతుంది కానీ ఎముకకు నెలలు పడుతుంది, అందుకే కండరం ‘నేను సిద్ధం’ అన్నా ఎముక సిద్ధంగా ఉండదని ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ రోజూ గుర్తొస్తుంది.

నేను అడిగింది ఒక్కటే, ‘మళ్లీ వేయగలనా మేడమ్?’ ఆమె ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ ప్యాట్ కమిన్స్ సంగతి చెప్పారు. 2011లో 18 ఏళ్లకు తొలి టెస్టు ఆడి, రెండో ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీసినవాడు, వెన్ను గాయాలు మళ్లీ మళ్లీ రావడంతో రెండో టెస్టు ఆడటానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. ‘ఆగాడు కాబట్టే ఇప్పుడు ఆడుతున్నాడు’ అన్నారు. ఆ రోజు హైదరాబాదు నుంచి తిరిగి వస్తూ దారి పొడవునా ఏడ్చాను, అది దుఃఖం కాదు.

మూడు నెలలు పరుగు లేదు, బంతి లేదు. విటమిన్ డి బాగా తక్కువగా ఉందని తేలి దానికి మందు వాడారు. ఆ తర్వాత వ్యాయామాలు. మోచేతుల మీద పలకలా నిలవడం, అదే పక్కకు తిరిగి చేయడం, నాలుగు కాళ్ల మీద ఉండి కుడి చేయి ఎడమ కాలు చాచి గ్లాసు పెట్టినా ఒలకనంత నిలకడగా ఆగడం. తుంటి చుట్టూ కండరాలకు, తొడ వెనక కండరాలకు వేరే వ్యాయామాలు. వీటి గురించి రాయడానికి ఏమీ లేదు, విసుగ్గా ఉంటాయి, చేయాలంతే. అయిదో నెలలో నాలుగడుగుల నడకతో బౌలింగ్ మొదలు, రోజు విడిచి రోజు 12 బంతులు. అప్పుడు యాక్షన్ కూడా మార్చారు, భుజాలూ తుంటీ ఒకే వైపు ఉండేలా. పూర్తి రన్నప్‌తో వేసేసరికి తొమ్మిది నెలలు నిండాయి.

సార్ సంగతి రాయకుండా ఉండలేను. నా మొదటి స్పైక్ బూట్లు ఆయన జీతంలోంచి కొన్నవి. నన్ను ఎక్కువ బౌలింగ్ వేయించిందీ ఆయనే. ఎంఆర్ఐ చూసి ఆయన ‘నాకు చెప్పాల్సింది కదమ్మా’ అన్నారు. ఆ మాటకు చాలా రోజులు మండిపోయాను. చెప్పడం పిల్లల పనా, అడగడం పెద్దల పనా? కానీ ఆయన ఊరుకోలేదు. పిల్లలు వేసే బంతులు రాయడానికి ఇప్పుడు నెట్స్ దగ్గర స్తంభానికి ఒక నోటు పుస్తకం దారంతో కట్టి ఉంటుంది. పొద్దున వేసినవి, సాయంత్రం ఇంకెక్కడో వేసినవి, ఆదివారం వేసినవి అన్నీ అందులోనే. అంతకుముందు వారం కంటే ఒక్కసారిగా పెరిగితే ఆ పిల్లకు ఆ రోజు ఫీల్డింగే.

2022లో బుమ్రా వెన్ను గాయంతో టీ20 ప్రపంచ కప్‌కు దూరమైనప్పుడు మా నెట్స్‌లో పిల్లలు దిగులుపడ్డారు. 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో ఆయనకు ఆపరేషన్ అయింది, ఆగస్టులో ఐర్లండ్ మీద మళ్లీ బంతి అందుకున్నాడు. ఆ మ్యాచ్ నేను నిలబడి చూశాను. ఆయన ముందు కాలు నేల మీద పడ్డ ప్రతిసారీ నా నడుము బిగుసుకునేది.

ఇది బౌలర్లకే వచ్చేది కాదు. సర్వీసు చేసే టెన్నిస్ పిల్లలు, స్మాష్ కొట్టే వాలీబాల్ పిల్లలు, జిమ్నాస్టులు, బరువులెత్తేవాళ్లు, నడుము వెనక్కి వంచే ఎవరికైనా రావచ్చు. ఎదిగే వయసులో ఆడే పిల్లలకు నడుములో ఒక పక్క నొప్పి వచ్చి, వెనక్కి వంగితే ఎక్కువై, రెండు మూడు వారాలైనా పోకపోతే, అది బెణుకు అనుకోకండి. ఆట ఆపించి, ఆటల గాయాలు తెలిసిన డాక్టరుకు చూపించండి. పాదం పైకి లేవకపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా ఆగవద్దు, ఆ రాత్రే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి. మా నాన్న తాళంచెవితో గీస్తూ కూర్చున్నాడు. నా అదృష్టం కొద్దీ అది కండరాల బిగుతు, నరం ఉలికిపాటుతో పోయింది. అందరికీ అలా పోదు.

అమ్మ మొక్కు 2022 శివరాత్రి అయిన వారానికి తీర్చాం. మెట్ల దారిన అమ్మ, నేను. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ ఎక్కింది. సగం దారిలో కూర్చుని, నన్ను వెనక్కి తిరగమని, చొక్కా మీద నుంచే నా నడుము ఎడమ పక్కన అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచింది. ‘నొప్పిగా లేదు కదా’ అంది. లేదన్నాను. త్రికోటేశ్వరుడు చేశాడా, డాక్టరమ్మ చేశారా అని నేను అమ్మతో ఎప్పుడూ వాదించను. హైదరాబాదు వెళ్లే దారి చూపించింది ఆయనే అని అమ్మ నమ్మకం. ఆ మాట కాదనాలని నాకు అనిపించదు.

ఇప్పటికీ పొద్దున లేవగానే మొదటి పని దండెం దగ్గరికి వెళ్లి చేతులు పైకెత్తి వెనక్కి వాలి చూసుకోవడం. తర్వాత నా పుస్తకంలో రాసుకుంటాను. నిన్న 42 బంతులు. నొప్పి 0. ఈ రోజు సెలవు.