నా అనుభవం: ఆరు కాళ్ల డబ్బాలో ఎ320 నడిపిన రాత్రి

జడ్చర్లలో ఉండి ఎయిర్‌లైన్ సిమ్యులేటర్ (పైలట్లు సాధన చేసే, నేల మీదే ఉండే నకలు విమానం కాక్‌పిట్) ఎక్కాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే, మనలాంటి వాళ్లకి స్లాటు దొరికేది అర్ధరాత్రి దాటాకే. ఆ మెషీన్లు రాత్రీపగలూ నడుస్తూనే ఉంటాయి, పైలట్లకి ఆరు నెలలకోసారి జరిగే పరీక్ష అందులోనే, వాళ్లకి పోగా మిగిలింది మనకి. పోలేపల్లి సెజ్‌లో నైట్ షిఫ్టులు చేసి చేసి నాకు అదేం పెద్ద ఇబ్బంది అనిపించలేదు. మెయిల్ పెడితే ఆధార్ కాపీ అడిగారు, తర్వాత ఉలుకూ పలుకూ లేదు, వెంటపడి ఫోన్లు చేస్తే చివరికి ఒక రాత్రి రమ్మన్నారు. గంట రేటు వింటే కళ్లు తిరుగుతాయి. ఆ డబ్బుతో మంచి ఫ్రిజ్ వచ్చేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

సాధన అంతా ఇంట్లో కంప్యూటర్ మీదే. ఇంటి ఫ్లైట్ సిమ్యులేటర్ గేమ్‌లో వేసుకోవడానికి ఫ్లైబైవైర్ అనే బృందం చేసిన ఎ320 విమానం ఉచితంగా దొరుకుతుంది, స్విచ్చులు, చెక్‌లిస్టులు నేర్చుకోవడానికి అది చాలు. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా: కెప్టెన్ సీట్లో సైడ్‌స్టిక్ (విమానాన్ని తిప్పే చిన్న కర్ర) ఎడమ చేతి వైపు ఉంటుంది, కుడి చేయి ఇంజన్ల బలం పెంచి తగ్గించే థ్రస్ట్ లీవర్ల మీద. అందుకే ఇంట్లో జాయ్‌స్టిక్‌ని ఎడమ పక్కకి మార్చుకుని కొన్ని నెలలు అలాగే తిప్పాను, అది అక్కడ బాగా పనికొచ్చింది.

రాత్రి పూట హైవే మీద ఒక్కడివే వద్దని ఇంట్లో వాళ్లు మా బావమరిదిని తోడు పంపారు. షాద్‌నగర్‌లో టీ తాగి, కొత్తూరు దాటి, టైముకంటే ముందే సిమ్యులేటర్ ఉన్నచోటికి చేరిపోయాం.

హాల్లో తెల్లటి పెద్ద డబ్బా, కింద ఆరు కాళ్లు. 1954లో ఎరిక్ గాఫ్ అనే ఇంజినీరు టైర్లను పరీక్షించడానికి ఇలాంటి ఆరు కాళ్ల యంత్రం తయారు చేశాడు, 1965లో స్టీవార్ట్ రాసిన పేపర్‌తో దానికి స్టీవార్ట్ ప్లాట్‌ఫామ్ అన్న పేరు స్థిరపడింది. చిన్న వంతెన మీదుగా లోపలికి వెళ్లాలి. కూర్చుని బెల్టు పెట్టుకున్నాక వెనకాల వంతెన పైకి లేస్తుంది, ఇన్‌స్ట్రక్టర్ మోషన్ ఆన్ చేయగానే డబ్బా మొత్తం మెత్తగా పైకి తేలుతుంది, ఇంకా ఇంజన్లు కూడా స్టార్ట్ కాలేదు, నా గుండె మాత్రం అప్పటికే టేకాఫ్ అయిపోయింది.

ఇంట్లో స్క్రీన్ మన ముక్కు ముందే ఉంటుంది. ఇక్కడ బొమ్మ నేరుగా తెర మీద చూడం, వంపు తిరిగిన పెద్ద అద్దంలో చూస్తాం, దాంతో రన్‌వే నిజంగానే కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు కనపడుతుంది, ఎడమ సీట్లో వాళ్లకీ కుడి సీట్లో వాళ్లకీ నేరుగా ఎదుటే ఉన్నట్టు. మొదటి కొన్ని నిమిషాలు నేను మీటర్ల వైపు చూడటమే మానేశాను.

షంషాబాద్ 09 కుడి రన్‌వే అడిగాను, 4,260 మీటర్ల పొడవు, నాలాంటి వాడికి కావాల్సినంత. లీవర్లు ముందుకు నెట్టగానే వీపు సీటుకి అతుక్కుపోయింది. అసలు ఆ డబ్బా ముందుకి పోవాలన్నా మహా అయితే ఒక మీటరు పోతుందేమో, మరి ఇదంతా ఎట్లా? సంగతి బావమరిది చెప్పాడు. కాసేపు వెనక సీట్లో కూర్చున్నాక కడుపులో తిప్పుతుందని దిగిపోయి అద్దాల కిటికీలోంచి చూశాడంట: "ఏంది బావా, నువ్వు రన్‌వే మీద ఉరుకుతున్ననంటవ్, ఈ డబ్బా ఉన్నకాడనే ముక్కు పైకి లేపి కూసున్నది!" అంతే మరి. డబ్బా వెనక్కి వాలితే మన బరువే మనల్ని సీటుకి నొక్కుతుంది, బయట బొమ్మలో రన్‌వే మాత్రం సమంగానే ఉంటుంది కాబట్టి బుర్ర దాన్ని వేగం అనుకుంటుంది. బ్రేకు వేస్తే ముందుకి వాలుతుంది. ఆ వాలడం, ఒంటి కదలికని పసిగట్టే మన లోపలి చెవికి కూడా అందనంత నిదానంగా జరుగుతుంది, లోపల ఉన్నవాడికి మోసం తెలియనే తెలియదు.

గాల్లోకి లేచాక స్టిక్‌ని గట్టిగా పట్టుకుంటే "వదిలేయండి సార్, అదే పట్టుకుంటుంది" అన్నారు ఇన్‌స్ట్రక్టర్, ఆయన రిటైరైన కెప్టెన్. నిజమే, ట్రిమ్ (ముక్కుని పెట్టిన చోటే నిలిపే సర్దుబాటు) దానంతట అదే చూసుకుంటుంది, రెండు వేళ్లు చాలు.

నా సలహా ఒక్కటే, ఊరి నుంచి ఊరికి ట్రిప్పు వేస్తానని గంటంతా పైన నేరుగా ఎగిరే క్రూజ్‌లో తగలెయ్యకండి. ఇన్‌స్ట్రక్టర్ ఒక బటన్ నొక్కితే మళ్లీ రన్‌వేకి పది మైళ్ల దూరంలో పెడతాడు. నేను అట్లా ల్యాండింగులే చేశాను. మూడు డిగ్రీల వాలు, 135 నాట్ల వేగం (గంటకి దాదాపు 250 కిలోమీటర్లు), నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగుడు. షంషాబాద్ సముద్రమట్టానికి 2,000 అడుగుల పైనే ఉంది కాబట్టి నేల మీద నిలబడ్డా ఆల్టీమీటర్ సున్నా చూపించదు, చివర్లో నమ్మాల్సింది రేడియో తరంగాలతో నేల నుంచి కొలిచే రేడియో ఎత్తునే. "ఫిఫ్టీ, ఫార్టీ, థర్టీ" అని నేలకి ఎన్ని అడుగులుందో విమానం చదువుతుంది, థర్టీ దగ్గర స్టిక్ వెనక్కి కొంచెం, ట్వంటీకి "రిటార్డ్" అనగానే లీవర్లు వెనక్కి. టైర్లు తాకిన కుదుపు నడుములోకి వస్తుంది. ఇంటి కంప్యూటర్‌లో ఎంత నున్నగా దించినా అది తెలియదు, నాకైతే పెట్టిన డబ్బంతా అక్కడే వసూలైంది.

ఈసారి అడ్డగాలి అడగాలని ఉంది, ఇంకా గట్టిగా అడిగితే టేకాఫ్‌లో ఒక ఇంజన్ ఆపేయమంటాను. బావమరిది మాత్రం కారు నడపడానికి ఒప్పుకున్నాడు గానీ, డబ్బా ఎక్కనని ముందే చెప్పేశాడు.