మొదటి సిగరెట్ ఎన్నింటికి?

పొగతాగే పేషెంట్లకు పదకొండేళ్ళ పాటు నేను చెప్పింది ఒక్కటే మాట. మానేయండి. మందుల చీటీలో ఆఖరి లైను అదే ఉండేది, కింద గీత కూడా గీసేదాన్ని. బీపీ మాత్ర రాస్తే ఎన్ని మిల్లీగ్రాములో, ఏ పూట వేసుకోవాలో, తిన్నాకో తినకముందో విడమరిచి చెప్పేదాన్ని. సిగరెట్ దగ్గరికొచ్చేసరికి ఆ ఒక్క మాటతో సరిపెట్టి, నా పని అయిపోయినట్టు కాగితం చేతికిచ్చేసేదాన్ని.

నా చేత ఆ అలవాటు మానిపించింది ఒక పేషెంటే. అప్పటికి ఆయనకు 56 ఏళ్ళు. ప్రింటింగ్ ప్రెస్సులో మెషిన్ ఆపరేటర్. రోజుకు 25 సిగరెట్లు, 34 ఏళ్ళుగా. రెండో అంతస్తు ఎక్కేలోపు ఆయాసంతో మధ్యలో ఆగాల్సి వస్తోందని వచ్చారు. పరీక్షలన్నీ చూసి నా మామూలు పాట పాడాను. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఇదే మాట మా ఆవిడ ముప్పై ఏళ్ళుగా చెబుతోంది మేడమ్. ఆవిడ ఫీజు కూడా తీసుకోదు" అన్నారు.

నవ్వుతూనే అన్నారు గానీ నాకు చురుక్కుమంది. మళ్ళీ కూర్చోమని నికోటిన్ గమ్ రాశాను, 2 మిల్లీగ్రాములది. "సిగరెట్ గుర్తొచ్చినప్పుడల్లా ఒకటి నమలండి" అని పంపించేశాను.

మూడు నెలలకు మళ్ళీ కనిపించారు, చొక్కా జేబులో సిగరెట్ పెట్టెతో సహా. గమ్ సంగతి అడిగితే మొహం చిట్లించారు. "అదేం గమ్ మేడమ్, గొంతంతా మంట. ఎక్కిళ్ళు ఆగవు. కడుపులో తిప్పేసింది. నాలుగు నమిలి అవతల పారేశాను."

తప్పు నాది. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ లాలాజలంతో కలిసి కడుపులోకి పోతుంది. మంట, ఎక్కిళ్ళు అందుకే. నెమ్మదిగా కొన్నిసార్లు నమిలి, నోట్లో చురుకు తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య అదిమి పెట్టాలి. చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. అలా ఒక అరగంట. బుగ్గ లోపలి పొర గుండా అది రక్తంలోకి ఎక్కాలి. నోరు పుల్లగా ఉంటే సరిగ్గా ఎక్కదు కాబట్టి కాఫీ, పళ్ళరసం లాంటివి తాగాక పావుగంట ఆగాలి. ఇందులో ఒక్క ముక్కా నేను చెప్పలేదు. ఆయనేమో పొద్దున కాఫీ గ్లాసు కింద పెడుతూనే గమ్ వేసుకునేవారట.

ఆ సాయంత్రం నుంచి కూర్చుని చదవడం మొదలుపెట్టాను. అసలు ఆ గమ్ ఎలా పుట్టిందో అప్పుడే తెలిసింది. 1960ల చివర్లో స్వీడన్‌లో జలాంతర్గాముల్లో పనిచేసేవాళ్ళు, లోపల వెలిగించే వీల్లేక నమిలే పొగాకుతో కాలక్షేపం చేస్తున్నారని ఒక పరిశోధకుడు గమనించి, మందుల కంపెనీలో ఉన్న ఓవె ఫెర్నోకు చెప్పారు. ఫెర్నో ఆ దారి పట్టుకుని గమ్ తయారుచేశారు. అంటే ఆ నావికులకు కావలసింది పొగ కాదు, నికోటిన్. చదువుకున్న రోజుల్లో ఇది పరీక్ష కోసం రాసే ఉంటాను. ఇప్పుడు మాత్రం జేబులో పెట్టెతో నా ఎదురుగా కూర్చున్న మనిషి కళ్ళముందు మెదిలాడు.

దమ్ము లాగిన కొద్ది సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. ఎక్కినంత వేగంగానే దిగుతుంది కూడా. రెండు గంటలయ్యేసరికి రక్తంలో ఉన్నది సగానికి పడిపోతుంది. రాత్రంతా నిద్రపోయిన మనిషి తెల్లారేసరికి దాదాపు ఖాళీ గిన్నె. అందుకే, మనిషి నికోటిన్‌కు ఎంతగా బానిసయ్యాడో కొలవడానికి కార్ల్ ఫాగర్‌స్ట్రోమ్ పేరు మీద ఉన్న ఆరు ప్రశ్నల పరీక్షలో అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇది: లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారు? అయిదు నిమిషాల్లోపు అయితే ఆ ఒక్కదానికే మూడు మార్కులు. మొత్తం పది.

ఆయన్ని మళ్ళీ పిలిపించి అడిగాను. "లేచాకనా? మంచం దిగకముందే మేడమ్. అగ్గిపుల్ల చప్పుడే మా ఇంట్లో అలారం."

మొత్తం లెక్కేస్తే ఎనిమిది వచ్చింది. అలాంటి మనిషికి నేనిచ్చింది 2 మిల్లీగ్రాముల గమ్! ఎండిన చెరువులో చెంబుడు నీళ్ళు పోసినట్టు.

ఈసారి చర్మానికి అంటించుకునే 21 మిల్లీగ్రాముల నికోటిన్ ప్యాచ్, దానికి తోడు 4 మిల్లీగ్రాముల గమ్ రాశాను. ప్యాచ్ రోజంతా సన్నగా, ఒకే ధాటిగా అందిస్తుంది. ఉన్నట్టుండి ప్రాణం లాగినప్పుడు గమ్. రెండూ కలిపి వాడితే ఒక్కటి వాడినదానికన్నా మేలు. మాత్రలూ ఉన్నాయి. వారెనిక్లిన్ మొదలుపెట్టిన ఎనిమిదో రోజు నుంచి సిగరెట్ ఆపమంటాం, మందు మాత్రం పన్నెండు వారాలు సాగుతుంది. వికారం పెట్టొచ్చు, వింత కలలు రావచ్చు. బుప్రొపియాన్ ఉంది, సైటిసిన్ ఉంది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇవన్నీ ఉన్నాయి. ఆయన మాత్రం "ఇప్పటికే మూడు మాత్రలు మింగుతున్నాను, నాలుగోది వద్దు" అన్నారు. సరే అన్నాను. మింగనని చెప్పేసిన మాత్ర రాసి లాభం లేదు.

ఆయన అడిగిన రెండు ప్రశ్నలు ఆ తర్వాత దాదాపు ప్రతి పేషెంటూ అడిగారు. మొదటిది: "ఒక నికోటిన్ మాని ఇంకో నికోటిన్ అంటించుకుంటే ఏంటి తేడా?" ఊపిరితిత్తుల్ని పాడుచేసేది, క్యాన్సర్ తెచ్చేది ప్రధానంగా పొగలో ఉండే తారు, ఆ మిగతా విషాలు. నికోటిన్ వాటి దగ్గరికి రోజూ మెడపట్టి లాక్కెళ్ళే తాడు. ప్యాచ్‌లోంచి అది నెమ్మదిగా వస్తుంది కాబట్టి దమ్ము కొట్టినప్పటి ఊపు ఉండదు. కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోవచ్చు. రెండోది: "ఈ వయసులో మానేసి ఏం ఒరుగుతుంది?" దీనికి డాక్టర్ల లెక్కే చెప్పాను. బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1951లో మొదలుపెట్టి వేలమంది డాక్టర్ల పొగ అలవాటును, ఆయుష్షును దశాబ్దాల తరబడి గమనించారు. 2004లో వచ్చిన ఫలితాల ప్రకారం 50 ఏళ్ళకు మానేసినవాళ్ళకు సుమారు ఆరేళ్ళు, 60కి మానేసినా మూడేళ్ళు ఆయుష్షు కలిసొచ్చింది. ఆయన ఒక్క క్షణం మనసులో లెక్కేసుకుని, "అయితే నాకు మధ్యలో ఎక్కడో వస్తుంది" అన్నారు.

తేదీ ఆయన్నే పెట్టుకోమన్నాను. పుట్టినరోజో పండగో చెబుతారనుకున్నాను. మంగళవారం అన్నారు. ఎందుకంటే సోమవారంతో నైట్ డ్యూటీ అయిపోతుంది. నాకు తట్టని సంగతి అది. వాళ్ళావిడతో కూడా మాట్లాడాను, పది రోజులు చిరాకు పడతారు, దెప్పకండి అని. "ముప్పై ఏళ్ళు చెప్పి చెప్పి అలిసిపోయాను, పది రోజులు నోరు మూసుకోలేనా డాక్టర్ గారూ" అన్నారావిడ.

జేబులో సిగరెట్ పెట్టె ఉండే చోట ఒక చిన్న నోటుబుక్ పెట్టుకోమన్నాను. సిగరెట్ కోసం ప్రాణం లాగినప్పుడల్లా టైము, ఆ లాగుడు ఎంతసేపు ఉందో రాయాలి. ఆ పుస్తకం మొదటి పేజీ నాకిప్పటికీ గుర్తే. పెన్సిల్‌తో, ప్రెస్సు మనిషి కాబట్టి కాబోలు, గళ్ళు గీసి మరీ రాశారు. "5.40 – 4 ని. 6.15 – 3 ని. 7.05 – 6 ని. (చాలా కష్టం)." ఆ రోజు మొత్తంలో అన్నిటికన్నా పెద్దది ఏడు నిమిషాలు. "నేను రోజంతా లాగుతుందనుకున్నాను మేడమ్. వస్తుంది, పోతుంది" అన్నారు. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా నమ్మేవారు కాదు. సొంత చేతిరాతలో చూసుకున్నారు.

నాలుగో రోజు ఫోన్ చేశారు. గుండె దడ, చేతులు వణుకు, రెండు రాత్రులుగా నిద్ర లేదు. మానేసినవాళ్ళకు మొదటి మూడు నాలుగు రోజులే గడ్డుకాలం కాబట్టి అదేననుకుని ధైర్యం చెప్పి పెట్టేయబోయాను. ఎందుకో కాఫీ ఎన్నిసార్లు అని అడిగాను. ఆరు. పొగలోని తారు పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమ్‌ను పరుగులు పెట్టిస్తాయి, కెఫీన్‌ను అరగదీసేది అదే. పొగ ఆగిపోతే ఆ ఎంజైమ్ నెమ్మదిస్తుంది, అదే ఆరు కాఫీలు ఒంట్లో పన్నెండులా పనిచేస్తాయి. మూడుకు తగ్గించమన్నాను. రెండు రోజుల్లో వణుకు పోయింది. ఆస్తమాకు థియోఫిలిన్ వాడేవాళ్ళకు, కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవాళ్ళకు కూడా ఇదే చిక్కు. సిగరెట్ మానగానే మందు మోతాదు చూసుకోవాలి. ఇది పొగ వల్ల వచ్చే తేడా, నికోటిన్ వల్ల కాదు, కాబట్టి ప్యాచ్ ఉన్నా తప్పదు.

రెండో వారం దగ్గు ఎక్కువైందని పోట్లాటకు వచ్చారు. "తాగుతున్నప్పుడే నయం!" ఊపిరి గొట్టాల్లో చెత్తను పైకి ఊడ్చే సన్నటి కేశాలు మళ్ళీ పనిలోకి దిగుతున్నాయని చెప్పాను. సగమే నమ్మినట్టున్నారు. ఆ రోజే మెషిన్‌లో ఊదించాను. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చూపే మెషిన్ అది. మొదటిరోజు 27 చూపించింది, ఇప్పుడు 4. దగ్గు సంగతి మర్చిపోయి ఆ అంకె వైపే చూస్తూ ఉండిపోయారు.

ఆరో వారం అపాయింట్‌మెంట్‌కు రాలేదు. మామూలుగా అయితే నేనూ వదిలేసేదాన్ని. ఆ రోజు ఫోన్ చేశాను. "మీకు మొహం చూపించలేక రాలేదు మేడమ్." ప్రెస్సులో ఇరవై ఏళ్ళు పక్కన పనిచేసిన మనిషి పోయారట. అక్కడ ఒకటి వెలిగించారు. ప్యాచ్ ఉండగా పొగతాగితే గుండె ఆగుతుందని ఎవరో అన్నారని ప్యాచ్ పీకేశారు. ప్యాచ్ లేకపోయేసరికి మర్నాడు మూడు, ఆ మర్నాడు ఆరు.

ఆ ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుదురుగా ఉండలేకపోయాను. నా పదకొండేళ్ళలో మానేసి, జారి, నా మొహం చూడలేక రాకుండా పోయినవాళ్ళు ఎంతమందో. మానేశాక జారినవాళ్ళను నేను కోప్పడేదాన్ని. అది శ్రద్ధ అనుకునేదాన్ని.

మర్నాడే రమ్మన్నాను. ఒక సిగరెట్ జారినంత మాత్రాన ప్యాచ్ తీయక్కర్లేదని, తీయడమే అసలు ఇబ్బంది తెచ్చిందని చెప్పి మళ్ళీ అంటించాం. ఊదిస్తే 11. నోటుబుక్‌లో ఆ నాలుగు రోజులూ ఖాళీ. అవీ రాయమన్నాను, ఎక్కడ, ఎవరితో, దానికి ముందు ఏం జరిగిందో. నా ఎదురుగానే రాశారు. "సాయంత్రం 5. శ్మశానం గేటు బయట. ఎవరో పెట్టె చాపారు. చేయి దానంతట అదే వెళ్ళింది." రాసి, పెన్సిల్ పక్కన పెట్టి, చేతి వైపు చూసుకున్నారు. అలా చాపినప్పుడు ఏమనాలో ఇద్దరం కాసేపు ప్రాక్టీస్ కూడా చేశాం. నేను సిగరెట్ పెట్టె చాపడం, ఆయన "మానేశానండీ" అనడం. నర్సు తలుపు తీసి, చూసి, మారుమాట్లాడకుండా మూసేసింది.

మిగతాది పెద్దగా కథ లేదు. 21 ప్యాచ్‌ను మామూలు ఆరు వారాల కన్నా కొంచెం ఎక్కువే ఉంచి, తర్వాత 14, ఆపైన 7, చెరో రెండు వారాలు. నాలుగు కిలోలు పెరిగారు. దానికి నేను గొడవ చేయలేదు. అన్నీ ఒకేసారి మానమంటే అసలుదే పోతుంది.

ఏడాది దాటాక బీపీ చూపించుకోవడానికి వచ్చారు. ఆ రోజు బయట జనం ఎక్కువ. బీపీ చూసి, మందులు అవే కొనసాగించమని రాసి, చీటీ చేతికిచ్చాను. ఆయన లేవలేదు.

"ఊదించరా మేడమ్?"

మెషిన్ తీసి ఇచ్చాను. గట్టిగా ఊపిరి పీల్చి, పదిహేను అంకెలు లెక్కపెట్టుకుని, ఊదారు. 2 వచ్చింది. నోటుబుక్ తీసి రాసుకుని, అప్పుడు లేచారు.