గేటు బయటే మా పని

టికెట్ మీద లియోన్ అని ఉంటుంది గానీ విమానం దిగేది సిలావోలో. మెక్సికో మధ్యలో గ్వానహ్వాతో రాష్ట్రం. నేను వెళ్లింది 2023 వానాకాలంలో. ఎయిర్‌పోర్టు దాటగానే ఒకవైపు బ్రకోలీ చేలు, ఇంకోవైపు కార్ల విడిభాగాలు చేసే షెడ్లు, దూరంగా కుబిలేతే కొండ మీద చేతులు చాచి నిలబడ్డ క్రీస్తు విగ్రహం. రోడ్డు మీద ఎటు చూసినా కార్మికుల్ని షిఫ్టులకు తీసుకెళ్లే బస్సులే. మా వ్యాను డ్రైవరు వాటి అద్దాల మీద అంటించిన కాగితాలు చూసి ఏది ఏ కంపెనీదో చెప్పుకుంటూ పోతున్నాడు. నాకు ఇచ్చిన బ్రీఫింగ్ ఫైలులో అంత సమాచారం లేదు.

వాణిజ్య ఒప్పందాల్లో రాసుకున్న కార్మిక హక్కులు అమలవుతున్నాయా లేదా అని చూసే అమెరికా కార్మిక శాఖ బృందానికి నేను లీడర్‌ని. ఈ మాట చెప్పగానే "అంటే ఫ్యాక్టరీలు తనిఖీ చేస్తారా?" అని అడుగుతారు. చేయం. ఇంకో దేశపు ఫ్యాక్టరీలోకి కార్డు చూపించి వెళ్లిపోయే అధికారం మాకు లేదు. యాజమాన్యం రమ్మంటే వెళ్తాం, లేకపోతే గేటు బయటే. మా పనంతా వినడం, కాగితాలు సరిచూసుకోవడం, మెక్సికో కార్మిక శాఖ వాళ్లతో ఓపిగ్గా మాట్లాడటం.

2020 జూలై 1న అమల్లోకి వచ్చిన అమెరికా–మెక్సికో–కెనడా ఒప్పందంలో ఏదైనా ఒక ఫ్యాక్టరీ మీద నేరుగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉంది. ర్యాపిడ్ రెస్పాన్స్ అంటాం. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో అందులో పస ఉందో లేదో మేం తేల్చాలి. ఉందనుకుంటే మెక్సికో ప్రభుత్వాన్ని సమీక్ష చేయమని అడుగుతాం. చేస్తారో లేదో వాళ్లు 10 రోజుల్లో చెప్పాలి, చేస్తే 45 రోజుల్లో ముగించాలి.

పాత ఫైళ్లు తిరగేసిన వాళ్లకు ఈ గడువుల విలువ తెలుస్తుంది. ఇంకో పాత వాణిజ్య ఒప్పందం కింద గ్వాటెమాలా మీద కార్మిక సంఘాలు ఫిర్యాదు ఇచ్చింది 2008లో. ప్యానెల్ తీర్పు వచ్చింది 2017లో. కొన్నిచోట్ల చట్టం అమలు కాలేదని ఒప్పుకుంటూనే, దానివల్ల వాణిజ్యం మీద ప్రభావం పడిందని అమెరికా చూపించలేకపోయిందని కొట్టేశారు. ఉద్యోగం పోయినవాళ్లు ఆ తొమ్మిదేళ్లు ఏం తిని బతికారో ఆ తీర్పులో ఎక్కడా ఉండదు. కొత్త ఒప్పందంలో ఆ భారం తిరగబడింది. వాణిజ్యం మీద ప్రభావం ఉందనే అనుకుంటారు, లేదని అవతలి పక్షమే నిరూపించుకోవాలి.

ఊళ్లోకి వెళ్తుంటే జనరల్ మోటార్స్ పికప్ ట్రక్కుల ఫ్యాక్టరీ వచ్చింది. డ్రైవరు వ్యాను కాస్త నెమ్మది చేశాడు. 2021 ఏప్రిల్‌లో ఇక్కడ పాత యూనియన్ కంపెనీతో చేసుకున్న ఒప్పందం ఉంచాలా వద్దా అని ఓటింగ్ జరుగుతుండగా, ఓటు పత్రాలు కొన్ని పాడుచేసి ఉన్నట్టు మెక్సికో ఇన్‌స్పెక్టర్లు కనిపెట్టి ఆపేశారు. మే 12న అమెరికా సమీక్ష కోరింది. ర్యాపిడ్ రెస్పాన్స్ వాడటం అదే మొదలు. ఆగస్టులో మళ్లీ ఓటింగ్ పెడితే 3,214 మంది ఆ ఒప్పందం వద్దన్నారు, 2,623 మంది ఉండాలన్నారు. 2022 ఫిబ్రవరిలో జరిగిన ఎన్నికలో సింతియా అనే కొత్త స్వతంత్ర యూనియన్ 4,192 ఓట్లతో గెలిచింది, మేలో 8.5 శాతం జీతం పెంపు సాధించింది. కంపెనీ ఎందుకు దిగివచ్చిందంటే పెద్ద రహస్యమేమీ లేదు. వాణిజ్య ఒప్పందం ప్రకారం అప్పట్లో సుంకం లేకుండా అమెరికాకు వెళ్లిన పికప్ ట్రక్కు, ఆ రాయితీ పోతే 25 శాతం కట్టాల్సి వచ్చేది.

మేం వచ్చింది వేరే ఫ్యాక్టరీ పని మీద. పేరు రాయను. అక్కడి కార్మికుల్లో చాలామంది ఇరపువాతో వైపు ఉంటారు. భద్రతా ఆంక్షల వల్ల మా ఉద్యోగులు అటు వెళ్లకూడదు. అందుకని రాత్రి షిఫ్టు దిగి, నిద్ర కూడా పోకుండా, వాళ్లే బస్సులెక్కి మా దగ్గరికి వచ్చారు. హక్కుల గురించి వినడానికి వెళ్లినవాళ్లం వాళ్లనే తిప్పించడం నాకు ఇబ్బందిగానే అనిపించింది.

హోటల్లో కలవడం కుదరదు. హెచ్ఆర్ వాళ్లు టిఫిన్ చేసేదీ అక్కడే. పిల్లల పుట్టినరోజులకు అద్దెకిచ్చే హాలు ఒకటి దొరికింది. గోడ మీద వెలిసిన బెలూన్ల బొమ్మలు, మూలన గాలి తీసేసిన జంపింగ్ కోట, చిన్నపిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్న మా లాయరు. అందరూ ఫోన్లు ఆఫ్ చేసి ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేశారు. ఆ డబ్బా ఆలోచన మాది కాదు, వాళ్లదే.

చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి వైర్ల కట్టలు తయారుచేసే లైన్లో పనిచేసే ఒకావిడ బ్యాగులోంచి పే స్లిప్పుల కట్ట తీసింది. రబ్బరు బ్యాండు వేసి వారం వారానివీ వరసగా పేర్చి పెట్టుకుంది. ఒక్కో దాంట్లో అడుగునుంచి రెండో లైను మీద వేలు పెట్టి చూపించింది. యూనియన్ చందా కోత. "ఈ యూనియన్ ఆఫీసు ఎక్కడుందో చెప్పగలరా, లిసెన్సియాదా (అక్కడ మేడమ్ అన్నట్టు)? నాకు తెలీదు. సెక్రటరీని ఎప్పుడూ చూడలేదు."

మెక్సికోలో ఇది పాత జబ్బు. కార్మికుడు చేరకముందే, కొన్నిచోట్ల ఫ్యాక్టరీ తెరవకముందే, కంపెనీకీ దాని చెప్పుచేతల్లో ఉండే ఒక పాకెట్ యూనియన్‌కీ మధ్య ఒప్పందం రాసి రిజిస్టర్ చేసేసేవారు. 2019లో కార్మిక చట్టం మార్చినప్పుడు అలాంటి ప్రతి ఒప్పందాన్నీ రహస్య ఓటుకు పెట్టాలన్నారు. 2023 మే 1 లోపు కార్మికుల ఆమోదం పొందనివి రద్దు. ఈ ఫ్యాక్టరీలో అసలు ఓటింగే జరగలేదు. అంటే ఒప్పందం పోయింది. ఆవిడ చేతిలో ఉన్న కట్టలో పైనున్న నాలుగైదు స్లిప్పులు ఆ తేదీ తర్వాతివి. చందా మాత్రం ఆగలేదు.

మా లాయరు అంత చిన్న కుర్చీలోంచీ ఒక్క ఉదుటున లేచాడు.

మిగతా కథ అప్పుడు బయటికొచ్చింది. కొత్త ఒప్పందం అడగాలంటే యూనియన్ 30 శాతం మంది మద్దతు చూపించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. రెండు యూనియన్లు సంతకాలు సేకరిస్తున్నాయి. పాత యూనియన్ వాళ్లు క్యాంటీన్‌లో బల్ల వేసుకుని కూర్చుంటే సూపర్‌వైజర్లే లైన్లోంచి మనుషుల్ని పంపుతున్నారు. కొత్త యూనియన్ కరపత్రం బస్టాపులో పంచిన కుర్రాణ్ణి మాత్రం "పని తగ్గింది" అని తీసేశారు. ఆ కుర్రాడూ వచ్చాడు. తనకు ముందుగా ఏ వార్నింగూ ఇవ్వలేదన్నది తప్ప పెద్దగా ఏం మాట్లాడలేదు. మాకు కావలసిందీ అదే.

ఇక లేద్దామనుకునేసరికి పే స్లిప్పుల ఆవిడ ఆపింది. "మా చెల్లెలు అర్కాన్సాలో కోళ్ల ఫ్యాక్టరీలో చేస్తుంది. దానికి ఇలాంటిదే జరిగితే మా ప్రభుత్వం మీలాగే అక్కడికి వస్తుందా?"

దీనికి సూటిగా జవాబు చెప్పడం కష్టం. అమెరికా ఫ్యాక్టరీ మీద మెక్సికో ఈ ఏర్పాటు వాడాలంటే, అక్కడి కార్మిక సంబంధాల బోర్డు ఆదేశం ఇప్పటికే అమల్లో ఉన్న ఫ్యాక్టరీ అయి ఉండాలి. అలాంటివి తక్కువ. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ తలూపి స్లిప్పులకు మళ్లీ రబ్బరు బ్యాండు వేసుకుంది. మేం మెక్సికో కార్మికుల మీద ప్రేమతోనే వచ్చామని నేను ఎవరికీ చెప్పను. జీతాలు తొక్కిపట్టి ఇక్కడ సరుకు చవగ్గా చేస్తే అక్కడి ఉద్యోగాలు పోతాయన్న లెక్కతోనే అమెరికా కాంగ్రెస్ దీనికి ఒప్పుకుంది. ఆ స్వార్థం వల్ల ఈవిడకు మేలు జరిగితే నాకు అభ్యంతరం లేదు గానీ, నిబంధన రెండు వైపులా ఒకేలా లేకపోవడం అన్యాయమే.

కంపెనీ వాళ్లు మర్నాడు మంచి కాఫీ ఇచ్చారు, స్లైడ్లు చూపించారు. చందా కోత "సాఫ్ట్‌వేర్ పొరపాటు" అన్నారు.

తర్వాత మోంతెరేకి విమానంలో, అక్కణ్ణుంచి వెలుతురుండగానే రోడ్డు మీద నువెవో లరేదోకి. సరిహద్దు మీద లారీల కోసమే కట్టిన వంతెన ఉంది. ఎండలో ఇంజన్లు ఆపకుండా బారులు తీరిన ట్రక్కులు. మా బృందంలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి, మేం సమీక్ష కోరితే ఆ కంపెనీ లారీలు ఇక్కడ ఆగిపోతాయా అని అడిగింది. ఆగవు. ఆగేది సుంకం లెక్క. సరుకు దాటిన తర్వాత కూడా కస్టమ్స్ వాళ్లు దాని ఖాతాను దాదాపు ఏడాదికి గానీ ఖరారు చేయరు. సమీక్ష కోరగానే ఆ ఫ్యాక్టరీ సరుకు ఖాతాలు ఖరారు చేయడం ఆపించవచ్చు. రాయితీ ఉంటుందో, రేపు వెనక్కి కట్టాల్సి వస్తుందో కంపెనీ అకౌంటెంటుకు తెలీదు. అదే తప్పు మళ్లీ మళ్లీ చేస్తే సరుకునే రానివ్వకుండా ఆపొచ్చు. యాజమాన్యాలకు నిద్ర పట్టనిది కార్మిక చట్టం వల్ల కాదు, ఈ తెరిచి ఉన్న ఖాతా వల్ల.

వాషింగ్టన్‌లో వాణిజ్య ప్రతినిధి కార్యాలయం వాళ్లతో కూర్చుని వాదించుకున్నాం. చందా సంగతి మీద ఎవరికీ అనుమానం లేదు, క్యాంటీన్ బల్లకు మాత్రం సాక్ష్యం చాలదన్నారు. కుర్రాడి తొలగింపు తేదీ, కరపత్రాల తేదీ పక్కపక్కన పెట్టాక ఒప్పుకున్నారు. లేఖ వెళ్లింది, మెక్సికో సమీక్షకు ఒప్పుకుంది. కోసిన చందా వెనక్కి ఇచ్చారు, కుర్రాణ్ణి పాత జీతంతో తిరిగి తీసుకున్నారు, క్యాంటీన్‌లో రెండు యూనియన్లకూ బల్లలు వేయించారు.

తర్వాత జరిగిన ఓటింగులో పాత యూనియనే గెలిచింది, అదీ కొద్ది తేడాతో. మా లాయరు ముఖం వేలాడేసుకుని నా గదికొచ్చాడు. ఫైలు మూసేయమన్నాను. పెట్టె ఎక్కడ పెట్టారు, లెక్క ఎవరి ముందు జరిగింది అన్నవి మేం చూశాం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎవర్ని ఎన్నుకోవాలన్నది వాళ్ల ఇష్టం.