వాగు వెంట వసంతం

మార్చి చివరి శనివారం ఉదయం, కాలిఫోర్నియాలోని మ్యూర్ వుడ్స్ అడవిలో, రెడ్‌వుడ్ క్రీక్ అనే చిన్న వాగు వెంట నాన్నగారితో కలిసి నడిచాను. 1908లోనే జాతీయ స్మారకంగా ప్రకటించి కాపాడినందువల్ల, 250 అడుగుల దాకా ఎదిగిన రెడ్‌వుడ్ చెట్లు అక్కడ నేటికీ నిలిచి ఉన్నాయి; వాటి నీడలో, తడి నేల మీద, మూడు రేకుల ట్రిలియం పూలు తెల్లగా విచ్చుకున్నాయి. నన్ను ఎక్కువసేపు నిలిపినది మాత్రం వాగే. గట్లు కోసుకుపోకుండా 1930లలో పేర్చిన రాళ్లు నీటి వేగాన్ని పెంచి, కోహో సాల్మన్ అనే చేపల పిల్లలు తలదాచుకునే మడుగులను తగ్గించాయి; ఇటీవల కొన్ని చోట్ల ఆ రాళ్లను తొలగించి, దుంగలను వాగులోనే ఉంచుతున్నారు. ఇక్కడ పెరిగిన చేపపిల్లలు వసంతంలోనే సముద్రానికి బయలుదేరుతాయని నేను చెప్పగా, నాన్నగారు వంతెన మీద ఆగి, చాలాసేపు మౌనంగా నీటిలోకి చూస్తూ ఉండిపోయారు.