విప్పి పక్కన పెట్టుకునే నొగ

నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంటి గేటు నుంచి గోడ దాకా ఉన్న జాగా 8.5 అడుగులు. నేను చేస్తున్న క్యాంపింగ్ ట్రైలర్ పొడవు 7, వెడల్పు 4 అడుగులు. అంతవరకూ పడుతుంది. కారుకు తగిలించడానికి ముందువైపు ఉండే కమ్మీ ఇంకో 4 అడుగులు బయటికి వస్తుంది. దాంతో గేటు మూసుకోదు. అందుకే ఆ కమ్మీ ఊడొచ్చేలా ఫ్రేము కట్టాలని పట్టుబట్టాను.

దాన్ని ఏమని పిలవాలో వెల్డింగ్ షాపులో నాకు మాట దొరకలేదు. పక్కనే కూర్చున్న మా నాయన "బండి నొగ రా అది" అన్నాడు. ఇందుకూరుపేట దగ్గర పొలాల్లో ముప్పై ఏళ్లు ఎద్దుల బండి తోలిన మనిషి. వెల్డరుకు వెంటనే అర్థమైంది.

నొగకు 50 మి.మీ. చదరపు పైపు, 4 మి.మీ. మందంది తీసుకున్నాం. అది దూరడానికి ఫ్రేము కింద 60 మి.మీ. పైపు, అదీ 4 మందమే. లోపల 52 మిగులుతుంది కాబట్టి చుట్టూ ఒక్కో మి.మీ. సందు. కాగితం మీద బాగానే ఉంది కానీ పైపు లోపల పొడవునా ఉండే అతుకు గీత సంగతి మరిచిపోయాను. అది అడ్డం పడి నొగ సగంలోనే ఆగింది. పొడుగు ఆకురాయితో రెండు పూటలు అరగదీస్తేగానీ దూరలేదు.

తర్వాత దెబ్బ నా తొందర వల్లే తగిలింది. 60 పైపును అడ్డ పట్టీలకు ఒకే ఊపున వెల్డింగ్ చేయించాను. వేడికి పైపు ముడుచుకుని లోపలి నొగను పట్టేసింది. జాకీ పెట్టి తోసి బయటికి తీశాం. ఆ పైపు కోసేసి కొత్తది పెట్టి, ఈసారి అంగుళం ఇక్కడ, అంగుళం అక్కడ, మధ్యలో చల్లారనిస్తూ అతికించాం. ప్రతి అతుకు తర్వాత నొగను బయటికీ లోపలికీ ఆడించి చూశాను.

నొగ లోపలికి 2 అడుగులు వెళ్తుంది. ఇందులో పిసినారితనం పనికిరాదు. గుంటలో పడ్డప్పుడు నొగ పైకీ కిందికీ వంగబోతుంది, ఆ బలమంతా మోసేది లోపలున్న పొడవే. 6 అంగుళాలే పెడితే పైపు మూతి చీలిపోతుంది. 16 మి.మీ. సీలలు రెండు పెట్టాను. అవి నొగ జారిపోకుండా ఆపడానికే. పైపుకు ఉత్త బెజ్జం వేస్తే సీల కదిలి కదిలి దాన్ని కోడిగుడ్డు ఆకారం చేస్తుందని, నొగకు అడ్డంగా చిన్న బుష్ గొట్టం దూర్చి రెండువైపులా అతికించాం. ఇవి కాక రెండు గొలుసులు నొగకు కాకుండా నేరుగా ఫ్రేముకే కట్టాను. సీల ఊడినా బండి కారును వదిలిపోకూడదు.

ఇరుసు ఎక్కడ పెట్టాలో నాయనే తేల్చాడు. కమాన్ పట్టీల (ఇరుసును ఫ్రేముకు పట్టి ఉంచే స్ప్రింగుల) బ్రాకెట్లను వెల్డింగ్ చేయకుండా క్లాంపులతో బిగించి, పైన బియ్యం మూటలు వేశాం. బండితో కలిపి మొత్తం 200 కిలోలు. నొగ కొసను ఒంటిచేత్తో ఎత్తి చూసి, "తేలిపోతా ఉండాది రా. వెనక బరువైతే కాడి లేస్తుంది, మెడతాడు ఎద్దు గొంతుకు పడద్ది" అన్నాడు. బరువు తూచే మిషను పెడితే 14 కిలోలు చూపింది. కనీసం మొత్తంలో పదో వంతు నొగ మీద పడాలి, లేకపోతే వేగంలో ట్రైలర్ తోక ఆడిస్తుంది. ఇరుసును 4 అంగుళాలు వెనక్కి జరిపాం. దాదాపు 20 వచ్చింది. నాయన మళ్లీ ఎత్తి చూసి తలూపాడు. నాకు మిషను కంటే ఆ తలూపే గట్టి సాక్ష్యం.

ట్రైలర్ కూడా 1988 మోటారు వాహనాల చట్టంలో మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్ తేలాకే పిల్లల్ని కార్లో ఎక్కించుకుని పెంచలకోన పోవాలని ఉంది. మైపాడు తీరంలోనూ ఒక రాత్రి ఉండాలి. ఉప్పు గాలికి మొదట తుప్పు పట్టేది ఆ 60 పైపు లోపలే. బ్రష్ అందదు. గుడ్డను కర్రకు చుట్టి రెడ్ ఆక్సైడ్‌లో ముంచి రెండుసార్లు తోశాను. ఆరాక నొగకు గ్రీజు రాసి దూర్చితే చప్పుడు లేకుండా వెళ్లింది. ఇప్పుడది విప్పేసి వరండాలో గోడకు ఆనించి ఉంది, పది కిలోలుంటుంది, గేటు మూసే ఉంది.